రేకుల కప్పు కింద: జొహన్నెస్‌బర్గ్ డ్రిల్ హాల్ కథ

(ఆ సాయంత్రం రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు నా మాట వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే, సంతోషం. ఈ ప్రశ్న అలవాటుగా అడిగాననుకుంటున్నారేమో. కాదండీ, ఇవాళ నేను చెప్పబోయే కథలో దీనికి పని ఉంది. 1956లో ఒక కోర్టు మొదటిరోజే ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. వెనకవాళ్లకు వినబడక, మైకులు దొరక్క, రాజద్రోహం కేసు వాయిదా పడింది. రాజద్రోహం అండీ! ఉరిశిక్ష పడగల కేసు. మైకులు లేక ఆగింది.

ఆ కోర్టు నడిచింది కోర్టు భవనంలో కాదు, సైనికులు కవాతు చేసుకునే ఒక రేకుల హాలులో. దక్షిణాఫ్రికాలో, జొహన్నెస్‌బర్గ్ నగరం నడిబొడ్డున ఉంది ఆ చోటు. పేరు డ్రిల్ హాల్. వేరే పేరేమీ లేదు, అందరూ డ్రిల్ హాల్ అనే అంటారు.

ముందు అసలు డ్రిల్ హాల్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. మీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మీకైతే సులువుగా అర్థమవుతుంది. ఎండలో మైదానంలో నిలబడి లెఫ్ట్ రైట్ కొట్టాం మనం. ఇంగ్లండులో అలా కుదరదు. చలి, వాన, చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి. 1859లో ఫ్రాన్సు దండెత్తి వస్తుందేమో అన్న భయంతో అక్కడ వాలంటీరు దళాలు పుట్టాయి. గుమాస్తాలు, దుకాణదారులు, చేతిపనివాళ్లు. వీళ్లు పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి సైనిక శిక్షణ తీసుకునేవాళ్లు. మరి సాయంత్రం ఎక్కడ చేస్తారు? తలమీద కప్పు కావాలి. అలా ఊరూరా డ్రిల్ హాళ్లు లేచాయి. 1908లో హాల్డేన్ అనే యుద్ధమంత్రి ఈ వాలంటీర్లందర్నీ కలిపి టెరిటోరియల్ ఫోర్స్ అని చేశాక ఇంకా ఎక్కువయ్యాయి.

ఈ హాలు కట్టడంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మధ్యలో స్తంభం ఉండకూడదు. బారులు తీరిన మనుషులు ఒక్కసారిగా పక్కకు తిరగాలి, ఎదురు నడవాలి. మధ్యలో స్తంభం అడ్డొస్తే ఎలా? అందుకని పెద్ద ఇనుప దూలాలు, పైన రేకులు, కింద ఖాళీ నేల. పక్కన ఆయుధాల గది, ఆఫీసు గదులు, శిక్షణ ఇచ్చే సార్జెంటు ఉండటానికి ఓ చిన్న ఇల్లు. అంతే. అందం కోసం డబ్బు పెడితే వీధివైపు గోడ మీద పెట్టేవాళ్లు, లోపల ఏమీ ఉండదు. లోపల కావలసింది ఒక గొంతు. ఒక్కడు అరవాలి, వందమంది కాళ్లు కదలాలి. ఎదురు మాట్లాడే పని ఎవరికీ లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఇప్పుడు జొహన్నెస్‌బర్గ్. 1886లో బంగారం దొరికింది కాబట్టి పుట్టిన ఊరు. నది లేదు, సముద్రం లేదు, బంగారం తప్ప అక్కడ ఊరు ఉండటానికి వేరే కారణం లేదు. ఆ బంగారం మీద పెత్తనం ఎవరిదన్న గొడవ ముదిరి 1899లో బ్రిటిష్ వాళ్లకూ బోయర్లకూ యుద్ధం వచ్చింది. బోయర్లంటే డచ్ మూలాలున్న రైతులు. 1900లో బ్రిటిష్ సైన్యం ఊరిని పట్టుకుంది, 1902లో యుద్ధం ముగిసింది. గెలిచినవాళ్లు వెంటనే చేసే పనులు కొన్ని ఉంటాయి కదా? ఆఫీసులు, జైళ్లు, బారకాసులు. 1904లో డ్రిల్ హాల్ కట్టారు. ఇంగ్లండు పద్ధతే దిగుమతి అయింది. ఊళ్లో తెల్లవాళ్ల వాలంటీరు రెజిమెంట్లు అక్కడ కవాతు చేసేవి. పక్కనే పరేడ్ కోసం యూనియన్ గ్రౌండ్ అని ఖాళీ మైదానం ఉండేది.

తర్వాత యాభయ్యేళ్ల సైనిక చరిత్ర జోలికి ఎక్కువగా పోను, అది రెజిమెంట్ల వాళ్లు బాగానే రాసుకున్నారు. రెండే రెండు విషయాలు. ఒకటి, 1922. బంగారు గనుల్లో తెల్ల కార్మికులు సమ్మె చేశారు, అది తిరుగుబాటుగా మారింది. ప్రభుత్వం విమానాలతో బాంబులు వేయించింది, 200 మంది దాకా చనిపోయారు. అప్పుడు కార్మికుల మీదికి పంపిన వాళ్లలో ట్రాన్స్‌వాల్ స్కాటిష్, ఇంపీరియల్ లైట్ హార్స్ లాంటి ఆ ప్రాంతపు వాలంటీరు దళాలు కూడా ఉన్నాయి. అంటే ఏమిటి? పరాయి సైన్యం వస్తుందేమో అని నేర్చుకున్న డ్రిల్లు పక్క వీధివాడి మీద వాడారు.

రెండోది, రెండో ప్రపంచ యుద్ధం. దక్షిణాఫ్రికా సైన్యంలో నల్లజాతివాళ్లు కూడా చేరారు. కానీ వాళ్లకు తుపాకులివ్వలేదు. డ్రైవర్లుగా, కూలీలుగా, స్ట్రెచర్లు మోసేవాళ్లుగా పెట్టుకున్నారు. కాపలా డ్యూటీ వేస్తే చేతికి బల్లెం ఇచ్చారు. అవును, బల్లెం. ట్యాంకులూ బాంబర్లూ తిరిగే యుద్ధంలో. ఈ బల్లెం మాట కూడా కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక 1956కు వద్దాం. అప్పటికి నేషనల్ పార్టీ ప్రభుత్వం వచ్చి ఎనిమిదేళ్లయింది, అపార్థైడ్ చట్టాలు, అంటే రంగును బట్టి మనుషులను విడదీసే చట్టాలు, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. 1955 జూన్ 25, 26 తేదీల్లో జొహన్నెస్‌బర్గ్ పక్కన క్లిప్‌టౌన్‌లో ఆఫ్రికన్లు, భారతీయులు, కలర్డ్ అని అక్కడ పిలిచే మిశ్రమ జాతివాళ్లు, కొంతమంది తెల్లవాళ్లు కలిసి ఒక పెద్ద సభ పెట్టారు. ఫ్రీడమ్ చార్టర్ అని ఒక పత్రం ఆమోదించారు. ఈ దేశం ఇక్కడ బతికే అందరిదీ, నల్లవాళ్లదీ తెల్లవాళ్లదీ కూడా, అని అందులో మొదటి మాట. ఇది రాజద్రోహం అని ప్రభుత్వం నిర్ణయించుకుంది.

1956 డిసెంబరు 5 తెల్లవారుజామున తలుపులు కొట్టడం మొదలైంది. వారం పదిరోజుల్లో దేశం నలుమూలల నుంచి 156 మందిని పట్టుకొచ్చారు. దూరం వాళ్లను సైనిక విమానాల్లో తెచ్చారు. లెక్క చూడండి: 105 మంది ఆఫ్రికన్లు, 23 మంది తెల్లవాళ్లు, 21 మంది భారతీయులు, ఏడుగురు కలర్డ్. వాళ్లలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలీ ఉన్నారు. మండేలా, సిసులు, టాంబో ఉన్నారు. ప్రొఫెసర్ మాథ్యూస్ ఉన్నారు. భారతీయుల్లో డాక్టర్ నాయకర్, అహ్మద్ కథ్రాడా. నాలుగు నెలల ముందే ప్రిటోరియాకు 20,000 మంది ఆడవాళ్లను నడిపించుకెళ్లిన లిలియన్ న్గోయి, హెలెన్ జోసెఫ్ ఉన్నారు. పాస్టర్లున్నారు, ఒక ఎంపీ కూడా ఉన్నాడు.

వీళ్లను ముందు ఫోర్ట్ అనే జైల్లో పెట్టారు. జైల్లో తెల్లవాళ్లను వేరుగా, మిగతావాళ్లను వేరుగా ఉంచారు. అయితే ప్రభుత్వం ఒక విషయం ఆలోచించినట్టు లేదు. ఈ నాయకుల్లో చాలామంది మీద నిషేధపుటుత్తర్వులున్నాయి. సభకు వెళ్లకూడదు, ఊరు దాటకూడదు. ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకోలేదు. ఇప్పుడు వాళ్లందర్నీ ప్రభుత్వమే సొంత ఖర్చుతో తెచ్చి ఒక్క జైల్లో కూర్చోబెట్టింది! ఇంకేముంది, ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకరోజు నాటాల్ నాయకుడు యెంగ్వా ఒంటికి దుప్పటి కప్పుకుని, న్యూస్‌పేపరు చుట్టి బల్లెంలా పట్టుకుని, జూలూ రాజు షాకా మీద స్తుతి అందుకున్నాడు. లుతూలీ లేచి ‘అదిగో షాకా!’ అని గంతులు వేశారట. జూలూలు కానివాళ్లు కూడా లేచి ఆడారు. మండేలా తన ఆత్మకథలో ఇది ఎంత సంబరంగా రాసుకున్నారో. యుద్ధంలో నల్లజాతివాళ్ల చేతికి నిజం బల్లెమిచ్చి అవమానించారు. జైల్లో కాగితం బల్లెం పట్టుకుని ఆడారు. నాకు ఈ రెండూ ఎప్పుడూ పక్కపక్కనే గుర్తొస్తాయి.

సరే. ఇప్పుడు 156 మందిని కోర్టులో పెట్టాలి. ఏ కోర్టు హాలు సరిపోతుంది? వాళ్లు, లాయర్లు, పోలీసులు, విలేకరులు, చూడటానికి వచ్చే జనం. అంతమంది పట్టేదీ ప్రభుత్వం చేతిలో ఉన్నదీ ఒకటే కనబడింది. డ్రిల్ హాల్. డిసెంబరు 19న మూసిన పోలీసు వ్యాన్లలో, ముందూ వెనకా సైనికుల లారీలతో తీసుకొచ్చారు. డిసెంబరంటే అక్కడ ఎండాకాలం సుమా. పైన రేకులు. బయట ట్విస్ట్ స్ట్రీట్ నిండా జనం, ట్రాఫిక్ ఆగిపోయింది. ‘మేం మా నాయకుల వెంటే’ అని అట్టముక్కలు పట్టుకున్నారు, ‘న్‌కోసి సికెలెలి ఆఫ్రికా’ పాడుతున్నారు. ఆ పాట తర్వాత ఆ దేశపు జాతీయగీతంలో భాగమైంది.

లోపల మేజిస్ట్రేటు కూర్చున్నాడు. బ్లూమ్‌ఫాంటేన్ నుంచి వచ్చిన పెద్ద మేజిస్ట్రేటు, వెసెల్ అని. మెత్తటి గొంతు ఆయనది. ఇందాక చెప్పాను కదా, ఆ హాలు ఎలాంటి గొంతు కోసం కట్టారో? సార్జెంటు గావుకేక కోసం. మేజిస్ట్రేటు మాట రెండో వరుసకు చేరేసరికి ఆవిరైపోయింది. మైకులు పెట్టడం ఎవరికీ తట్టలేదు. ఎవరు మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో ముద్దాయిలకే తెలియదు. ఇక చేసేదేముంది, వాయిదా.

మర్నాడు వచ్చేసరికి ఇంకో వింత. రాత్రికి రాత్రి హాలు మధ్యలో పెద్ద ఇనుప తీగల బోను కట్టారు. ముద్దాయిలందరూ అందులో కూర్చోవాలి. లాయరుతో మాట్లాడాలంటే వల సందుల్లోంచి మాట్లాడాలి. ముద్దాయిల్లో ఒకరు కాగితం ముక్క మీద ‘ప్రమాదం. దయచేసి ఆహారం పెట్టవద్దు’ అని రాసి బోనుకు తగిలించారు. జూలో రాసినట్టు. లాయర్లకు మాత్రం నవ్వు రాలేదు. మా క్లయింట్లను జంతువుల్లా బోనులో పెడితే మేం లేచి వెళ్లిపోతాం అన్నారు. వాదోపవాదాలయ్యాక బోను తీసేశారు. ఆ రోజుల్లోనే బయట జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, పలువురికి గాయాలయ్యాయి. లోపల ఉన్నవాళ్లకు ఆ తుపాకుల చప్పుడు వినబడింది. దానికి మైకు అక్కర్లేకపోయింది.

నాలుగో రోజు బెయిలు ఇచ్చారు. ఎంతకు? తెల్లవాళ్లకు 250 పౌండ్లు. భారతీయులకు 100. ఆఫ్రికన్లకూ కలర్డ్ వాళ్లకూ 25. నేరం ఒకటే, సెక్షను ఒకటే, మనిషి ఖరీదు మాత్రం మూడు రకాలు. ద్రోహానికి కూడా రంగు అంటకుండా పోలేదని మండేలా తర్వాత రాశారు.

ఆ తర్వాత జరిగింది ప్రాథమిక విచారణ. అంటే అసలు విచారణ కాదు, కేసులో పస ఉందా లేదా అని చూడటం. అది ఎంతకాలం జరిగిందో ఊహించండి. 1957 జనవరిలో మళ్లీ మొదలుపెట్టి ఏడాది పొడుగునా సాగదీశారు. దాదాపు 12,000 కాగితాలు సాక్ష్యంగా ఒక్కొక్కటే చదివి రికార్డుల్లో ఎక్కించారు. ఏం కాగితాలు? ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన ఒకటి. రష్యన్ వంటల పుస్తకం ఒకటి. క్లిప్‌టౌన్ సభలో భోజనాల దగ్గర పెట్టిన రెండు బోర్డులు: ‘మాంసంతో సూప్’, ‘మాంసం లేని సూప్’. నవ్వకండి, ఇది నిజం. రాజద్రోహానికి సాక్ష్యం అవి. సభల్లో నోట్సు రాసుకున్న ఒక డిటెక్టివ్‌ను డిఫెన్స్ లాయరు వెర్నన్ బెరాంజే అడిగారు, నీకు ఇంగ్లీషు బాగా వచ్చా అని. అంత బాగా రాదన్నాడు. మరి ఇంగ్లీషు ఉపన్యాసాలు ఎలా రాశావు? 

అన్నిటికంటే నాకిష్టమైన ఘట్టం ప్రొఫెసర్ మర్రేది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి కమ్యూనిజం నిపుణుడిగా ఆయన్ని తెచ్చారు. ఏ పేరా చదివినా అందులో కమ్యూనిజం ఉందో లేదో చెప్పేస్తారు. బెరాంజే ఒక పేరా చదివారు. ఇది కమ్యూనిజం లాంటిదే అన్నారు ప్రొఫెసర్. అది దక్షిణాఫ్రికా మాజీ ప్రధాని మలాన్ మాట! అపార్థైడ్ తెచ్చిన ఆ మలానే. ఇంకో రెండు చదివారు. ఇవీ అంతే అన్నారు. అవి లింకన్, విల్సన్ మాటలు. చివరికి ఒకటి చదివితే, ఇది అసలుసిసలు కమ్యూనిజం అన్నారు ప్రొఫెసరు గారు. అది 1930లలో ఆయనే రాసుకున్నది. ఎదురు ప్రశ్న అనేదే వినపడని హాలులో, చూడండి, ఒక్కో ప్రశ్నకూ కేసు ఎలా చిల్లులు పడిపోతోందో.

రోజంతా ముద్దాయిలేం చేసేవాళ్లు? పుస్తకాలు చదివేవాళ్లు, పదకేళీలు పూరించేవాళ్లు, కునుకు తీసేవాళ్లు. మధ్యాహ్నం భారతీయ కుటుంబాల నుంచి భోజనాలు వచ్చేవి. ఉద్యోగాలు పోయాయి, ప్రాక్టీసులు దెబ్బతిన్నాయి. బిషప్ ఆంబ్రోస్ రీవ్స్, రచయిత అలన్ పేటన్ లాంటివాళ్లు విరాళాలు పోగుచేశారు, లండన్ నుంచి కానన్ కాలిన్స్ అనే చర్చి మతాధికారి డబ్బు పంపారు. అదే జనవరిలో బయట ఇంకో కథ నడుస్తోంది. బస్సు చార్జీ నాలుగు పెన్నీల నుంచి ఐదుకు పెంచారని అలెగ్జాండ్రా బస్తీ జనం బస్సులెక్కడం మానేశారు. రోజూ పోనూ రానూ 30 కిలోమీటర్ల దాకా నడిచారు, నెలల తరబడి. కవాతు నేర్పే హాలులో నాయకులు కూర్చుని ఉంటే, డ్రిల్లే రాని జనం వేలమంది రోడ్డు మీద నడిచారు.

ఒక ఫొటో గురించి చెప్పి తీరాలి. 156 మందీ వరుసలుగా కూర్చున్న గ్రూప్ ఫొటో, చాలామంది చూసే ఉంటారు. ఫొటోగ్రాఫర్ ఎలై వైన్‌బర్గ్ దాన్ని దగ్గర్లోనే ఉన్న జూబర్ట్ పార్కులో తీద్దామనుకున్నారు. పార్కు అధికారి ఒప్పుకోలేదు. అన్ని రంగుల మనుషులు కలిసి పార్కులో కూర్చుంటారా? కుదరదన్నాడు. దాంతో చిన్న చిన్న గుంపులుగా ఫొటోలు తీసి, ఒకటిగా అతికించారు. మనం చూసే ఆ ఫొటో అతుకుల బొంత. ముద్దాయిలుగా డ్రిల్ హాల్లో కలిసి కూర్చోవచ్చు, వీధి చివర పార్కులో కూర్చోకూడదు. ఆ దేశంలో అప్పుడు వాళ్లందరూ ఒకే వరుసలో కూర్చోగలిగిన అరుదైన చోట్లలో ఆ కోర్టు ఒకటి. ఇంతకంటే వింత ఏముంది చెప్పండి?

1957 డిసెంబరులో 61 మంది మీద కేసు ఎత్తేశారు. లుతూలీ, టాంబో వాళ్లలో ఉన్నారు. ఎందుకు ఎత్తేశారో వాళ్లకే అర్థం కాలేదు. 1958లో అసలు విచారణను ప్రిటోరియాకు మార్చారు, అక్కడ ఒక పాత యూదు ప్రార్థనామందిరాన్ని కోర్టు చేశారు. రోజూ దాదాపు 60 కిలోమీటర్లు పోవాలి, మళ్లీ రావాలి. ట్విస్ట్ స్ట్రీట్ జనం అంత దూరం రాలేరు కదా. చివరికి 30 మంది మిగిలారు. 1961 మార్చి 29న జస్టిస్ రంఫ్, ఇద్దరు తోటి జడ్జీలు అందర్నీ నిర్దోషులుగా వదిలేశారు. నాలుగేళ్ల పైచిలుకు పట్టింది.

డ్రిల్ హాల్ మళ్లీ సైన్యానికి వెళ్లిపోయింది. అక్కడ అంత జరిగిందని చాలాకాలం గోడ మీద ఒక్క అక్షరం లేదు. అపార్థైడ్ పోయే రోజుల్లో సైన్యం ఖాళీ చేసింది. నగరం మధ్యలో ఖాళీ భవనం ఊరికే ఉంటుందా? నీడలేని జనం వచ్చి చేరారు. నీళ్లు లేవు, కరెంటు లేదు, వెలుగూ వేడీ అన్నీ మంటతోనే. 2000ల మొదట్లో నిప్పంటుకుంది, మనుషులు చనిపోయారు. మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న ఆ పెద్ద హాలు కాలిపోయింది. చుట్టూ ఉన్న పాత భవనాలు మిగిలాయి. కేసులో నిలబడ్డ 156 మంది పేర్లు చరిత్రలో ఉన్నాయి, మంటల్లో పోయిన వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

తర్వాత నగర అభివృద్ధి సంస్థ చుట్టూ ఉన్న భవనాలు బాగుచేయించి 2004లో తెరిచింది. హాలును మళ్లీ కట్టలేదు. ఆ జాగాను ఆకాశం కింద చదునుగా వదిలేశారు. నాకైతే ఇది మంచి పనే అనిపిస్తుంది. పాత హాలు నమూనా ఒకటి కట్టి టికెట్టు పెట్టి ఉంటే ఏం బాగుండేది? ఇప్పుడు దాని పక్కనే నూర్డ్ స్ట్రీట్ టాక్సీ స్టాండు, పొద్దున లేస్తే వ్యాన్ల హారన్లు. రేకుల కప్పు లేదు కాబట్టి పిల్లలు ఆ చదును నేల మీద బంతి ఆడుకోవచ్చు.

2008లో ఇద్దరు యువకులు అక్కడి గదుల్లో చుట్టుపక్కల పిల్లల కోసం ఒక లైబ్రరీ పెట్టారు. కొన్నేళ్లు నడిచింది అక్కడ. పుస్తకాలు, పాటలు, నాటకాలు, ఈ రాజద్రోహం కేసు కథలు. దాని పేరు కెలెకెట్లా. అక్కడి సెపెడీ భాషలో మాట అది. వాళ్ల కథల్లో చెప్పేవాడు ఒక మాట అంటే వినేవాళ్లు అందరూ కలిసి ‘కెలెకెట్లా’ అంటారు. అప్పుడే కథ ముందుకు నడుస్తుంది. మన ఇళ్లల్లో అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టాలి, లేకపోతే ఆపేస్తుంది చూశారా, అచ్చం అలా.

నేను గంట నుంచి మాట్లాడుతున్నాను, మీరు ఊ కొడుతూనే ఉన్నారు. ఇక ప్రశ్నలు అడగండి. వెనకవాళ్లు ముందు.